ఆవు వ్యాసం నుంచి మిరప కల్లం దాకా

ఆవు వ్యాసం కథ తెలియని తెలుగువాళ్ళు అరుదు. పరీక్షకు ఆవు మీద వ్యాసం ఒక్కటే బట్టీ పట్టి వెళ్ళాడొక పిల్లాడు. తీరా చూస్తే కొబ్బరిచెట్టు గురించి రాయమన్నారు. కొబ్బరిచెట్టును రెండు వాక్యాల్లో ముగించి, దాని మొదట్లో ఒక ఆవును కట్టేసి, మిగతా పేజీలన్నీ ఆవుతో నింపి వచ్చాడు. ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటాం. మన బళ్ళలో రాత ఎలా నేర్పుతున్నామో దీనికన్నా సూటిగా చెప్పిన నివేదిక మాత్రం నాకు కనబడలేదు. ఆ పిల్లాడికి అక్షరాలు వచ్చు, వాక్యాలు వచ్చు, ఆవు సంగతి పూర్తిగా వచ్చు. కొత్త సంగతి ఎదురైనప్పుడు దాని గురించి నాలుగు మాటలు కుదురుగా పేర్చటం ఒక్కటే రాదు.

కథ పక్కన పెట్టి పొలాల్లోకి వద్దాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా, ఇటు సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ దాకా నల్లరేగడి మీద ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. నాలుగో తరగతి పిల్లాణ్ణి కల్లం దగ్గర నిలబెట్టి అడగండి. ఏది తేజ రకమో, ఏది బ్యాడిగ రకమో దూరం నుంచే చెబుతాడు. రాత్రిళ్ళు పట్టా ఎందుకు కప్పుతారో, రంగు పోయిన తాలు కాయ ఎందుకు ఏరతారో, కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్ళు ఏ ధర కోసం కాచుకున్నారో అన్నీ చెబుతాడు. మధ్యలో మీరు తెలివితక్కువ ప్రశ్న వేస్తే నవ్వుతాడు కూడా. అదే పిల్లాణ్ణి మర్నాడు బడిలో కూర్చోబెట్టి మిరప గురించి ఐదు వాక్యాలు రాయమంటే, ఇదిగో, ఇలాంటిది రాస్తాడు:

"మిరప ఒక పంట. మిరప ఎర్రగా ఉండును. మిరప కారముగా ఉండును. మిరపను కూరలలో వాడుదురు. మిరప మనకు చాలా ఉపయోగము."

ఆవును విప్పేసి ఆ గుంజకే మిరపను కట్టాడు. అంతకుమించి ఏమీ మారలేదు. ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు, అతనికి మాత్రమే తెలిసిన ముక్క కూడా ఒక్కటీ లేదు. నోట్లో అంత ఉన్నది కాగితం మీదికి ఎందుకు రాదు? రప్పించటానికి ఏం చెయ్యాలని తెలుగు చరిత్ర, లోకంలో జరిగిన పరిశోధన, మన నేల అనుభవం చెబుతున్నాయి? ఈ సమీక్ష దాని గురించే.

నూరేళ్ళ కిందటి కాంపోజిషన్ గొడవ

వ్యావహారిక భాషోద్యమాన్ని మనం కవులు, పండితుల గొడవగా గుర్తుపెట్టుకున్నాం. అది రాజుకున్నది మాత్రం బడిపిల్లల రాత దగ్గర. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు జనం మాట్లాడే తెలుగు వేరుగా, పుస్తకాల్లో తెలుగు వేరుగా ఎందుకున్నాయని సందేహం వచ్చింది. ఆ సందేహాన్ని గిడుగు వెంకట రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ పట్టుకున్నారు. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసరచనను కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చని ఉత్తర్వు వెలువడింది. పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో ఎదురు వాదం బలంగా నిలబడింది. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన పేరుమోసిన అసమ్మతి పత్రం కూడా తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదిక మీద రాసిందే. ఆధునిక తెలుగు వచనం భవిష్యత్తు ఒక పరీక్షలోని వ్యాసం ప్రశ్న చుట్టూ తిరిగిందన్నమాట.

తాను మాట్లాడని భాషలో ఎవరూ తప్పుల్లేకుండా రాయలేరన్నది గిడుగు వాదంలోని గట్టి పాయింటు. పిల్లలదాకా ఎందుకు, గ్రాంథికం కావాలన్న పండితుల వచనంలోనే వ్యాకరణ దోషాలు ఏరి, "ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం" పేరుతో పుస్తకం వేశారు. చివరికి పాఠ్యపుస్తకం మారింది, పత్రిక మారింది. పిల్లాడి నోట్సులో మాత్రం "ఉండును", "వాడుదురు" అక్కడక్కడా శిలాజాల్లా మిగిలాయి. రాత అంటే మామూలుగా మాట్లాడేది కాదు, వేరే గొంతు పెట్టాలన్న భయం ఇంకా పోలేదనటానికి అవే గుర్తు.

ఆ ఉద్యమం ఏ మాటలతో రాయాలో తేల్చింది. ఆ మాటలతో పిల్లాడు ఒక సంగతిని ఎలా విడమరచాలన్నది ఎవరి ఎజెండాలోకీ రాలేదు. కథ విషయంలో మనకు మంచి నమూనాలున్నాయి. తెనాలి వాడైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో "చందమామ" మొదలుపెట్టారు. 1952 నుంచి 1980 దాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలి వాడే. పిల్లలకు అడ్డం రాని వాక్యం ఎలా ఉంటుందో ఆ పత్రిక మూడు తరాలకు చూపించింది. సమాచారం చెప్పే రచన వైపు చూస్తే మహీధర నళినీమోహన్ "పిడుగు దేవర కథ", "కాలెండరు కథ" లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టాలి. పిల్లలు చదివింది కథలు, రాయమన్నది వ్యాసాలు. వినని పాట పాడమన్నట్టుంది.

ఈ కరువు మనకే పరిమితం కాదు. అమెరికాలో నెల్ డ్యూక్ అనే పరిశోధకురాలు ఒకటో తరగతి గదులు 20 ఎంచుకుని, అక్కడ సమాచార పాఠాలకు రోజుకు ఎంతసేపు దొరుకుతోందో గడియారం పెట్టుకుని చూసి 2000లో ప్రకటించారు. సగటున 3.6 నిమిషాలు. పేదపిల్లల గదుల్లో ఇంకా తక్కువ.

బడిలో రాత అంటే

మన ప్రాథమిక బడిలో "రాసుకోండి" అంటే మూడు పనులు. చూచిరాత, డిక్టేషన్, ప్రశ్నజవాబులు ఎక్కించుకోవటం. మూడింట్లోనూ మాట వేరేవాళ్ళది, చెయ్యి ఒక్కటే పిల్లలది. దీనికి కొంత కారణం మన లిపిలో ఉంది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి పిల్లల ముందు కొన్ని వందల ఆకారాలు నిలబడతాయి. మనకు చెల్లెలి లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనల్లో, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతోందని తేలింది. ఇంగ్లీషు అక్షరాలతో పోలిస్తే ఇది చాలా పొడుగు దారి. అందుకని అక్షరాలు పూర్తిగా వచ్చాకే సొంత రాత అనే నియమం పెట్టుకుంటే పిల్లాడు ఐదో తరగతి దాటిపోతాడు.

శైలజా మేనన్ బృందం కర్ణాటకలోని యాద్గిర్‌లోనూ, మహారాష్ట్రలోని వాడా ప్రాంతంలోనూ పిల్లల వెంట కొన్నేళ్ళు నడిచి 2017లో పెద్ద నివేదిక తెచ్చింది. తరగతి గదిలో రాత చాలావరకు నకలు తియ్యటంగానే మిగిలిందని, సొంతంగా కూర్చటం ఎవరూ నేర్పటం లేదని అది చెప్పింది. యాద్గిర్ తెలంగాణ సరిహద్దును ఆనుకునే ఉంది. గట్టు దాటగానే పరిస్థితి మారిపోతుందని అనుకోవటానికి ఆధారమేమీ లేదు.

మనం దేన్ని కొలుస్తామో దాన్నే నేర్పుతాం. 2005లో మొదలైన అసర్ సర్వేలు అక్షరం, పదం, పేరా, కథ చదవగలరా అని చూస్తాయి, లెక్కలు చూస్తాయి. 2021 జులై 5న మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్, మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. రెండూ అవసరమైన పనులే. బడి గోడ మీద వేలాడే ఆ లక్ష్యాల పట్టికలో పిల్లాడు తనకు తెలిసిన సంగతిని మూడు వాక్యాల్లో రాయగలగాలన్న గీటురాయికి మాత్రం చోటు లేదు. మన తెలుగు వాచకాల్లో "స్వీయరచన" అనే శీర్షిక ఉంది, అందులో మంచి ప్రశ్నలూ ఉంటాయి. ఆ ప్రశ్నకు గైడులో జవాబు కూడా ఉంటుంది. తరగతిలో నలభై నోట్సులుంటే నలభైలోనూ ఒకటే "స్వీయ"రచన!

లోకం ఏం తేల్చింది

పిల్లాడు సంగతి ఎలా రాస్తాడన్న దానిపై 1987లో కార్ల్ బెరైటర్, మార్లిన్ స్కార్డమాలియా ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలిచి ఉంది. చిన్న రచయిత గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు ఒలకబోస్తాడు. ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని గుర్తుచేస్తుంది, అది మరోదాన్ని, జ్ఞాపకం అయిపోగానే వ్యాసం అయిపోతుంది. అనుభవం ఉన్న రచయిత చదివేవాడికి ఏం కావాలో చూసుకుంటూ తనకు తెలిసినదాన్నే తిరగేసి మలుస్తాడు. మొదటి దశ తప్పేమీ కాదు, అది వయసు. అక్కడినుంచి రెండోదానికి దాటించటమే టీచరు పని.

ఎలా దాటించాలన్న దానిపై రెండు దళాలు చాలాకాలం కొట్లాడుకున్నాయి. 1980ల్లో డొనాల్డ్ గ్రేవ్స్ లాంటివాళ్ళు పిల్లల్ని వాళ్ళకిష్టమైనది రాయనివ్వమన్నారు. రాసి, చదివి వినిపించి, దిద్దుకుంటూ పోతే రాత అదే వస్తుందన్నారు. అదే కాలంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ భాషావేత్తలు పేదల బళ్ళలో పనిచేస్తూ దీన్ని ఎదిరించారు. ఇంటినిండా పుస్తకాలున్న పిల్లలకు రాతపద్ధతి గాలిలోంచే అబ్బుతుంది, లేనివాళ్ళకు విప్పి చెప్పకపోవటం అన్యాయం అన్నది వాళ్ళ వాదం. అమెరికాలో నల్లజాతి విద్యావేత్త లీసా డెల్పిట్ 1988లో ఇదే మాట ఇంకా ఘాటుగా అన్నారు. సిడ్నీ వాళ్ళ పద్ధతిలో మూడు మెట్లున్నాయి. ముందు మంచి నమూనాను పిల్లలతో కలిసి విప్పి చూడాలి, తర్వాత టీచరూ పిల్లలూ కలిసి బోర్డు మీద ఒకటి కట్టాలి, ఆ తర్వాతే ఎవరిది వాళ్ళు కట్టాలి. మన బడి చాలాసార్లు మధ్య మెట్టు ఎగరగొట్టేస్తుంది. నమూనా చూపించి, రేపు రాసుకురమ్మంటుంది. ఆ ఖాళీలోకే గైడు వచ్చి కూర్చుంటుంది.

లెక్కలకొస్తే, స్టీవ్ గ్రాహం బృందం ఒకటి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలకు రాత నేర్పిన ప్రయోగాలన్నీ పోగేసి 2012లో తూచింది. అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఆలోచించటం, వరస పెట్టుకోవటం, దిద్దుకోవటం అనే పనుల్ని మెట్లుమెట్లుగా నేర్పటం. దాని ప్రభావం 1.02గా తేలింది, విద్యా పరిశోధనలో ఇది చాలా పెద్ద అంకె. పిల్లలు ఒకరికొకరు సాయపడుతూ రాయటానికి 0.89, రచన కట్టుబడిని నేర్పటానికి 0.59 వచ్చాయి. ఊరికే ఎక్కువసేపు రాయించటానికి దక్కింది 0.30. వ్యాకరణాన్ని విడిగా పాఠంగా చెబితే రాత బాగుపడినట్టు తేలలేదు. ఈ ప్రయోగాలు దాదాపుగా ఇంగ్లీషు రాసే పిల్లల మీద జరిగినవే. కాబట్టి అంకెల్ని అలాగే దిగుమతి చేసుకోకూడదు, దిశను మాత్రం తీసుకోవచ్చు.

తెలుగు పేరాకు సొంత నడక

ఇంగ్లీషు పాఠాల్లోంచి మనకు తేలిగ్గా దిగిన సరుకు ఒకటుంది. పేరా మొదటి వాక్యంలోనే అసలు సంగతి చెప్పెయ్యాలి, తర్వాత మూడు వివరాలు, చివర మళ్ళీ ఆ మాటే. పిల్లలకు పట్టుకొమ్మగా ఇది పనికొస్తుంది, చట్టం చేస్తే అపాయం. ఇంగ్లీషువాళ్ళే దీన్ని పాటించరని రిచర్డ్ బ్రాడక్ 1974లో చూపించాడు. పేరున్న పత్రికల్లోని వ్యాసాలు తీసి పేరాలు లెక్కపెడితే, అసలు సంగతితో మొదలైనవి 13 శాతమే.

తెలుగు నడక వేరు. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. పనుల వరసను మనం ముడి మీద ముడి వేసి ఒకే దారంలో గుచ్చుతాం. కల్లం దగ్గర పిల్లాడు ఇలా అంటాడు: "కాయ కోసి, కల్లానికి తోలి, ఆరబోసి, తిరగేసి, తాలు ఏరి, టిక్కీలకు తొక్కి, యార్డుకేస్తారు." (టిక్కీ అంటే మిరప నింపే గోనెబస్తా.) ఏడు పనులు, ఒకటే వాక్యం, ఎక్కడా తొట్రుపాటు లేదు. బడి ఈ పిల్లాడికి వాక్యాలు కలపటం నేర్పుతున్నాననుకుంటుంది. వాడికి కలపటం ఎప్పుడో వచ్చు. నేర్చుకోవలసింది ఎక్కడ తుంచాలో, తుంచినచోట ఏం ఆగి చెప్పాలో. "తిరగేసి" దగ్గర ఆగి, ఎందుకు తిరగేస్తారు అని అడిగితే అక్కడ ఒక వాక్యం పుడుతుంది. "తాలు ఏరి" దగ్గర ఆగితే ఒక పేరానే పుడుతుంది.

ఎత్తుగడకూ తెలుగులో సొంత పనిముట్టుంది, "అంటే" అనే మాట. "తాలంటే రంగు పోయిన కాయ." క్రియ కూడా అక్కర్లేని పొట్టి వాక్యం, చదివేవాడి కాలు గట్టి నేల మీద పెడుతుంది. కారణం చెప్పేటప్పుడు మనకు ముందు కారణం, తర్వాత ఫలితం రావటం సహజం: "మంచు కురుస్తుంది కాబట్టి పట్టా కప్పుతారు." ఫలితం ముందు చెప్పాలనుకుంటే "ఎందుకంటే" తెచ్చుకోవాలి. ఈ రెండు దారులూ పిల్లలకు తెలిసే ఉంటాయి. ఏది ఎప్పుడు నప్పుతుందో నోటితో మార్చి మార్చి చెప్పించి చూపిస్తే చాలు.

ఇంకో చిన్న కిటుకు. పైన చూసిన ఐదు వాక్యాల్లో "మిరప" ఐదుసార్లు వచ్చింది. మొదటి వాక్యంలో తప్ప ఎక్కడా ఆ మాట రాయకూడదని షరతు పెట్టండి. పిల్లాడు "అది", "దాన్ని", "అందుకని" వైపు తిరుగుతాడు, లేదా కర్తను వదిలేస్తాడు. తెలుగులో కర్తను వదిలెయ్యటం నేరం కాదు, అందం. అప్పటిదాకా విడివిడి రాళ్ళలా పడి ఉన్న వాక్యాలు ఒకదాన్నొకటి పట్టుకోవటం మొదలుపెడతాయి.

తాలు ఏరటం: ఐదు రోజుల పాఠం

ఇవన్నీ కలిపి నాలుగో తరగతిలో ఒక వారం ఎలా నడపవచ్చో చూద్దాం.

మొదటిరోజు పెన్ను ముట్టుకోరు. "మిరప గురించి చెప్పండి" అని అడగకూడదు, అది ఆవు వ్యాసానికి పిలుపు. పేరాను పుట్టించేది ప్రశ్న. "తాలు కాయను ఎందుకు ఏరతారు?" అని అడగాలి. పిల్లలు చెప్పిందల్లా, ఎవరి పలుకుబడిలో చెబితే ఆ పలుకుబడిలోనే, టీచరు బోర్డు మీద రాస్తారు. వానకు తడిస్తే తాలు పోతుందంటాడు ఒకడు. మా నాయన గుంటూరు యార్డుకు పోయాడంటాడు ఇంకొకడు. కూలి ఎంతో చెబుతుంది ఒక పిల్ల. తేజ బాగా కారమంటాడు వెనక బెంచీవాడు. పది, పదిహేను వాక్యాలు పోగవుతాయి.

రెండోరోజు ఆ వాక్యాలను చీటీలుగా కోసి నేల మీద పోస్తారు. ఇప్పుడు కుప్ప చుట్టూ కూర్చుని ఏరాలి. ప్రశ్నకు జవాబు చెప్పేది ఒక కుప్ప, చెప్పనిది ఇంకో కుప్ప. ఈ నేల పిల్లలకు ఈ పని పరాయిది కాదు, అమ్మలు చేస్తుండగా రోజూ చూసేదే. పేరాలో ఒకే సంగతి ఉండాలన్న సూత్రం వల్లె వేయించక్కర్లేదు. తేజ కారమన్న వాక్యం ఎర్రకాయలో పడ్డ తాలని వాళ్ళే చెబుతారు. ఇక్కడ టీచరు ఒక మాట గుర్తుచెయ్యాలి. కల్లంలో తాలును పారెయ్యరు, వేరే టిక్కీల్లో తొక్కి వేరే ధరకు అమ్ముతారు. యార్డుకు పోయిన నాయన వాక్యమూ అంతే. అది పనికిరానిది కాదు, ఇంకో పేరాది.

మూడోరోజు అందరూ కలిసి బోర్డు మీద కడతారు. ఏది ముందు, ఏది వెనక అని బేరమాడతారు. చివరికి ఇలాంటిది తేలవచ్చు:

"తాలంటే రంగు పోయిన మిరపకాయ. చెట్టు మీద తెగులు తగిలినా, కల్లంలో ఆరేటప్పుడు వానకు తడిసినా కాయ తెల్లబడుతుంది. దాన్ని ఎర్రకాయతో కలిపితే కుప్ప మొత్తానికి ధర పడిపోతుంది. అందుకని కూలీలు కుప్ప చుట్టూ కూర్చుని ఏరతారు. ఏరిన తాలును కూడా పారెయ్యరు, వేరే టిక్కీల్లో తొక్కి తక్కువ ధరకు అమ్ముతారు."

ఇందులోనూ ఐదు వాక్యాలే. మొదటిది ఏమిటో చెబుతుంది, రెండోది ఎలా వస్తుందో, మూడోది వస్తే ఏం నష్టమో, నాలుగోది ఏం చేస్తారో. చివరిది చదివేవాడు ఊహించని ముక్క. ఏ వాక్యాన్ని జరిపినా పక్కది కదులుతుంది. ఆవు వ్యాసంలో వాక్యాలను ఎలా తారుమారు చేసినా ఏమీ కాదు. పేరా కుదిరిందా లేదా అని తేల్చుకోవటానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు. పిల్లలే చేసి చూసుకోవచ్చు.

నాలుగోరోజు ఎవరి ప్రశ్న వాళ్ళది. రాత్రి పట్టా ఎందుకు కప్పుతారు, పత్తి ఒకేసారి కాకుండా మూడు నాలుగు తీతల్లో ఎందుకు తీస్తారు, నల్ల తామర పురుగు వచ్చిన ఏడు ఏమైంది. ఐదోరోజు రాసింది పక్కవాడికి చదివి వినిపించాలి. విన్నవాడు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నకు జవాబును పేరాలో ఎక్కడ ఇరికించాలో రాసినవాడు చూసుకోవాలి. దిద్దుకోవటమంటే ఇదీ. ఎర్రసిరాతో సున్నాలు చుట్టటం దాని తర్వాత.

ఒకటి, రెండు తరగతులకు ఇందులో మొదటి మెట్టు చాలు. పిల్లలు చెబితే టీచరు రాస్తారు, పిల్లలు బొమ్మ వేసి కింద ఒక వాక్యం రాస్తారు. మూడో తరగతికి మూడు వాక్యాలు. రాని ఒత్తు దగ్గర చెయ్యి ఆగిపోతే ఖాళీ వదిలి ముందుకు పొమ్మనాలి.

చిక్కులు

మొదటి చిక్కు పలుకుబడి. పిల్లాడు "మిరగాయ" అంటాడు, పుస్తకంలో "మిరపకాయ" ఉంటుంది. గుంటూరు సీమ మాటను ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లోనే "మాలపల్లి" నవలలో కూర్చోబెట్టారు. బడి మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే ఆపుతోంది. మొదటి చిత్తులో ఏ మాటైనా రానివ్వాలి, చివరి ప్రతిలో పుస్తకం వర్ణక్రమం చూపించాలి. రెండూ వచ్చినవాడికి నష్టమేమీ లేదు. టిక్కీ, తాలు లాంటి వృత్తిపదాలకైతే పుస్తకంలో సాటి మాటే ఉండదు. వాటిని దిద్దటమంటే తెలుగును తగ్గించటమే.

రెండోది ఇంగ్లీషు మాధ్యమం. కొన్నేళ్ళుగా మన ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. పిల్లాడికి తాలు సంగతి తెలిసింది తెలుగులో. ముందు తెలుగులో వరస కుదిరితే, ఆ వరస ఇంగ్లీషుకూ వెంట వస్తుంది. ఒక భాషలో గట్టిపడిన చదువు రెండోదానికి ఆసరా అవుతుందని జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతున్నది ఇదే. రెండు భాషల్లోనూ ఒకేసారి చూచిరాతే చేయిస్తే రెండు ఆవులు తయారవుతాయి.

మూడోది, ఈ నేలలో పిల్లలంతా ఒకటి కాదు. పల్నాడు తండాల్లో పిల్లల ఇంటిమాట లంబాడీ. మిరప కోతలకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు తరలివస్తాయి. కొందరు పిల్లలు ఊళ్ళోనే సీజనల్ హాస్టల్లో ఆగితే, కొందరు తల్లిదండ్రుల వెంట గుడారాల్లో ఉంటారు, సరిగ్గా బడి నడిచే నెలల్లోనే. వాళ్ళకు కల్లం సంగతులు మనకన్నా ఎక్కువ తెలుసు, బడి తెలిసింది తక్కువ. అందుకే ఒక జాగ్రత్త అవసరం. కల్లం పాఠమైనంత మాత్రాన కల్లంలో కూలి చదువైపోదు. పిల్లలకు తెలిసినదాన్ని గౌరవించటం వేరు, వాళ్ళు పనిలో ఉండటాన్ని మెచ్చుకోవటం వేరు. కోతల కాలంలో వచ్చిన పిల్లాడు బడి గుమ్మం ఎక్కితే, ఆ వారం పాఠానికి వాడే పెద్ద.

నాలుగోది టీచర్ల తీరిక. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు. ఒక్కరే అన్ని తరగతులూ చూసుకునే బళ్ళు చాలా ఉన్నాయి. రోజూ ముప్ఫై పేరాలు దిద్దమనటం అన్యాయం. నలుగురికి కలిపి ఒక పేరా రాయిస్తే దిద్దాల్సినవి ఎనిమిదే, పైగా పిల్లలు కలిసి రాయటం మేలని పైన అంకెలే చెప్పాయి. వారానికి ఒక రకం తప్పు మాత్రమే పట్టాలి. ఈ వారం అతుకుల మాటలు, వచ్చేవారం ఒత్తులు.

ఐదోది టీచరు సొంత రాత. ఎన్నడూ పేరా కట్టని చెయ్యి పేరా కట్టటం నేర్పలేదు. యడ్లపాడు మండలం బోయపాలెంలోనూ, ప్రకాశం జిల్లా మైనంపాడులోనూ ఉన్న డైట్‌లలో (ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో) చదివే ఛాత్రోపాధ్యాయులు పాఠప్రణాళికలు పుస్తకాలకొద్దీ రాస్తారు. దాని బదులు ప్రతి ఒక్కరూ తమ ఊరి పని ఒకదాని గురించి పదేళ్ళ పిల్లలకు అర్థమయ్యే పేజీ రాస్తే రెండు పనులవుతాయి. వాళ్ళకు చెయ్యి తిరుగుతుంది, మన బళ్ళకు కరువైన సమాచార పాఠాలూ పోగవుతాయి.

మిగిలింది పరీక్ష. వ్యాసానికి మార్కులు వేసేటప్పుడు గైడులో లేని, పిల్లాడికి సొంతంగా తెలిసిన ముక్క ఒకటి ఉందా అని చూసి దానికి ఒక మార్కు విడిగా పెడితే, సగం ఆవులు వాటంతటవే కొట్టం వదిలి వెళ్ళిపోతాయి.

చదివేది ఎవరు?

ఇన్ని పద్ధతులూ తూచి చూశాక నాకు మిగిలిన మాట ఒకటే. పేరాకు ఆకారం ఇచ్చేది సూత్రాలకన్నా ముందు, ఆ సంగతి తెలియని ఒక పాఠకుడు. బడిలో పిల్లాడి రాత చదివేది టీచరు ఒక్కరే. ఆవుకు నాలుగు కాళ్ళని ఆమెకు ముందే తెలుసు. తెలిసినవాళ్ళకు తెలిసింది చెప్పేటప్పుడు విడమరచాల్సిన పనేముంది? అందుకే పిల్లాడు విడమరచడు. కల్లం దగ్గర మీరు అడిగినప్పుడు అంత వివరంగా చెప్పాడంటే, మీకు నిజంగా తెలియదని మీ మొహం చూసి కనిపెట్టాడు.

1926లో ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి టీచరు ఈ కిటుకే పట్టుకున్నాడు. దక్షిణాన తన బడి పిల్లలు రాసినవి చిన్న అచ్చుయంత్రం మీద వేసి, దేశానికి ఆ చివర బ్రిటనీ సముద్రతీరంలో ఉన్న ఇంకో బడికి పంపాడు. అక్కడి పిల్లలు వాళ్ళవి పంపారు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు కాబట్టి రెండువైపులా విడమరచి రాయక తప్పలేదు.

మనకు అచ్చుయంత్రం కూడా అక్కర్లేదు, ఫోను చాలు. పర్చూరు దగ్గరి బడి పిల్లలు తాలు గురించి రాసిన పేరాను కోనసీమలో ఒక బడికి పంపవచ్చు. టిక్కీ అంటే ఏమిటని అక్కడినుంచి ప్రశ్న వస్తుంది. మనవాళ్ళు తలలు గీరుకుని ఇంకో వాక్యం చేరుస్తారు. వాళ్ళు పంపిన పేరాలో కొబ్బరి దింపు అని ఉంటుంది. దింపు అంటే ఏమిటని ఈసారి మనవాళ్ళు అడుగుతారు. కొబ్బరిచెట్టు గురించి వాళ్ళు రాసిన పేజీ నిండానే ఉంటుంది, మొదట్లో ఆవును కట్టాల్సిన పని ఎవరికీ పడదు.